మీ అన్న రాయించని మౌస్

గోదావరిఖని,
26-9-2012.

చిరంజీవి స్వరూపకు, నీ వదిన యమున ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. పుణెలో నువ్వు వేళకు తిని, వేళకు పడుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఈ ముక్క లేకుండా ఉత్తరం మొదలుపెడితే మన ఇళ్లలో అపశకునం అంటారు కాబట్టి ముందు అది రాసేశాను. మిగతావన్నీ నిదానంగా రాస్తాను. నువ్వూ నిదానంగా చదువు.

కవరు చింపగానే నా రాత చూసి, "అన్న రాయలేదేంది?" అని ముఖం ముడుచుకుని ఉంటావు. మీ అన్న మంచం మీద కూర్చుని చెబుతుంటే నేను బియ్యం డబ్బా మూత మీద కాగితాలు పెట్టుకుని రాశాను. ఆయనది బొగ్గుబాయి భాష. నేను ఇంటర్ దాకా వెలగబెట్టాను కాబట్టి దాన్ని పుస్తకాల భాషలోకి దించుతున్నాను. దిగనని మొండికేసిన మాటలను ఉన్నవి ఉన్నట్టే వదిలేశాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మోకాళ్లకని నువ్వు పంపిన నూనె మీ అమ్మ రాసుకుంటోందా అన్నావు. రాసుకుంటోంది, కానీ మోకాళ్లకు కాదు, తలకు. వాసన బాగుందట. "మోకాళ్లు ఎవలు జూస్తరే, తలకాయైతే నలుగురు జూస్తరు" అంటుంది అత్తమ్మ. ట్రైనింగులో నువ్వు మొదటి పరీక్ష గట్టెక్కావని తెలిసిన రోజు ఈ క్వార్టర్ల వరుసలో ఇంటింటికీ తిరిగి చక్కెర పెట్టి వచ్చింది. ఆ తిరుగుడుకే మోకాళ్లు మళ్లీ పట్టేశాయి.

రాఖీ అందిందా అన్నావు. అందింది. కట్టుకున్నాడు. ఎర్రదారం వెలిసి గులాబీరంగుకు వచ్చినా ఇప్పటికీ తీయనివ్వడం లేదు.

అన్న ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు, నా మీద కోపమా అన్నావు. నీ మీద కోపమైతే ఆయన అన్నం మానేస్తాడు కానీ ఫోన్ మానడు, ఆ సంగతి నీకూ తెలుసు. కోపం లేదు. ఎందుకు ఎత్తడం లేదో ఉత్తరంలో కిందికి పోయాక చెబుతాను.

అన్న కోసం నువ్వు కొంటానన్న కంప్యూటర్ ఎక్కడ పెడతారు అన్నావు. ముందు గదిలో, కిటికీ పక్కన. అత్తమ్మ మంచం లోపలి గదిలోకి జరిపాం. వడ్రంగి ఆగయ్యతో బల్ల కూడా చేయించాం. ఆయన వచ్చి, "దీని మీద ఏం పెడ్తరు?" అని అడిగితే, ఇంకా రాలేదు, నా ఆడబిడ్డ తెస్తుంది అన్నాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మా వ్యవహారం అని ఆయన నవ్వాడు. బల్ల మాత్రం గట్టిగా ఉంది. అత్తమ్మ దాని మీద అప్పుడే చింతపండు ఆరబోసింది.

ఒక్క మాట ముందే చెప్పి పెడతాను స్వరూపా. ఈ ఉత్తరం చివరిదాకా చదివాక నీకేమనిపించినా సరే, కంప్యూటర్ కొనడం మాత్రం ఆపకు. ఇప్పుడు ఈ ఇంట్లో మీ అన్నను మాట్లాడిస్తున్నది అదొక్కటే. అది రాకపోతే ఆయన మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటాడేమోనని నాకు భయం.

ఇక అసలు పని. ఫోన్లో చెబితే ఒకటికి ఒకటి అవుతుంది, కాగితం మీద రాయించి పంపండి, సికింద్రాబాదులో దిగి కంప్యూటర్ బజారులో కొనుక్కుని బతుకమ్మకు వస్తాను అన్నావు కదా. జాబితా విడిగా ఇంకో కాగితం మీద ఉంది. దుకాణంలో అది చూపించు. కానీ ఆయన ఎందుకు ఏది ఎంచాడో ఇక్కడ రాయకపోతే నువ్వు ఊరుకోవు. నిన్న మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నాం. పోయిన ఉత్తరంలో నువ్వు, "ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ పెద్దవి కుదరవు, ఏది తగ్గించాలె?" అని అడిగావు. అది చదివి వినిపించగానే గోడవైపు ఉన్న మనిషి ఇటు తిరిగాడు.

"గదేం ప్రశ్న? అదింత జదువుకొని గింత తెల్వదా?" అన్నాడు. "రాయి. ప్రాసెసర్ నడిమి రకం సాలు, నాలుగు కోర్లున్నది. ఆటంత నడిచేది కార్డు మీద. కార్డుకాడ తగ్గద్దు. బొమ్మ ఆగి ఆగి వస్తె ఎదుటోడు మనల్ని కొట్టినంక కనవడ్తడు. గట్లైతే ఆడుడెందుకు?"

నేను రాశాను. ర్యామ్ అన్నాను. ఎనిమిది జీబీ, కానీ ఒక్క ముక్క వద్దు, నాలుగూ నాలుగూ రెండు ముక్కలు కావాలట. రెండూ ఒకటే కదా అన్నాను. అయ్యో, ఎంత చిన్నచూపు చూశాడనుకున్నావు! "నీ కడుపు సల్లగుండ, రెండెడ్లు గల్సి గుంజితె బండి ఉరుకుతది. ఒక్కటే బల్సిన ఎద్దును గడ్తె ఉరుకుతదా?" అని నన్ను కసిరాడు. నన్నాయన కసిరి చాలా రోజులైంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బియ్యపు దుమ్ము పడిందని తుడుచుకున్నాను.

పవర్ సప్లై దగ్గరికి వచ్చేసరికి మాత్రం గట్టిగా చెప్పాడు. దుకాణం వాళ్లు దీనికాడే మోసం చేస్తారట, పేరు లేనిది అంటగడతారట. "బాయిల కప్పు కూలకుండ పెట్టే దిమ్మె అసుంటిది అది. దానికాడ కంజూసు జేస్తె మీద ఎంత మంచిదున్నా అంత పోతది. పేరున్నదే తెమ్మని రాయి" అన్నాడు. లోపలి గదిలో అత్తమ్మ రోట్లో పచ్చడి నూరుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది. కప్పు కూలిన మాట వింటే ఆమెకు మీ నాన్న గుర్తుకొస్తాడు. కాసేపటికి మళ్లీ నూరింది.

డబ్బా గురించి నాకూ ఆయనకూ కొంచెం కొట్లాట అయింది. దాన్ని క్యాబినెట్ అనాలట. నీలం లైట్లున్నది బాగుంటుందని నేను, లైట్లు పెండ్లికి పెడతారు కంప్యూటర్‌కు కాదని ఆయన. చివరికి లైట్లు లేవు. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి తీసుకోవాలి, వెనక ఒకటి బయటికి తోయాలి, ముందు జాలీ ఉండాలి, దాన్ని ఊడదీసి కడిగేటట్టు ఉండాలి. "బాయిల గాలి ఒక దిక్కునుంచి దిగి ఇంకో దిక్కునుంచి ఎక్కదా, గట్లనే. మన కాలనీల అంగి ఆరేస్తె సాయంత్రానికి నల్లగైతది. జాలీ లేకపోతె ఆర్నెల్లల్ల డబ్బనిండ బొగ్గే" అన్నాడు. బిగించి తేవద్దట, ముక్కలు ముక్కలుగానే తేవాలట. నెట్ సెంటర్ బిలాల్ వచ్చి ఇక్కడే బిగిస్తాడు. వాన పడితే కరెంటు పోతుంది కాబట్టి యూపీఎస్ మరిచిపోవద్దట.

చెబుతూ చెబుతూ ఆయన ఎక్కడికో వెళ్లిపోయాడు. లక్ష్మీనగర్‌లో బిలాల్ నెట్ సెంటర్ పెట్టిన కొత్తలో, వైర్లతో కలిపిన ఆ పాత కంప్యూటర్ల మీద తుపాకుల ఆట ఎలా ఆడేవాడో చెప్పాడు. జ్యోతినగర్ నుంచి ఇంజనీర్ల పిల్లలు స్కూటర్ల మీద వచ్చేవారట, ఈ బాయి కార్మికుని కొడుకును ఓడించడానికి. ఓడి వెళ్లిపోయేవారట. మంచిర్యాలలో పోటీ పెడితే మొదటి బహుమతిగా మౌస్ ఇచ్చారట. నాకు ఇవన్నీ పెళ్లయిన కొత్తలోనే చెప్పాడు, కానీ నేను మొదటిసారి విన్నట్టు విన్నాను. ఈ ఇంటికి నాకంటే ముందు వచ్చిన పెద్దభార్య ఆ ఆటే కదా.

నీ ముచ్చటా వచ్చింది. ఇంట్లో చెప్పకుండా నిన్నూ వెంట తీసుకుపోయేవాడట. ఒకే కుర్చీలో సగం నువ్వు, సగం ఆయన. ఉరికే మీట నువ్వు నొక్కేదానివట, గురి ఆయన చూసేవాడట. ఎవడన్నా వస్తే "అన్నా, ఎనుక! ఎనుక!" అని నువ్వు అరిచే అరుపుకు బిలాల్ షట్టరు సగం దించేవాడట. చెబుతూ నవ్వాడు. పళ్లు కనిపించేలా నవ్వాడు స్వరూపా. లోపల అత్తమ్మ పచ్చడి నూరడం ఆపి గుమ్మంలోకి వచ్చి చూసింది.

కీబోర్డు దగ్గర చాలాసేపు ఆలోచించాడు. మెత్తటి మీటలవి వద్దు, నొక్కితే టక్కుమని చేతికి తెలిసేది కావాలి అన్నాడు. ఎడమ పక్క మీటలు గట్టిగా ఉన్నాయో లేవో నువ్వు నొక్కి చూసి కొనాలట. అది కూడా రాశాను. ఊపు మీద ఉన్నాం ఇద్దరం. నా నోటికి తాళం వేసుకోవలసింది. "మరి మౌస్?" అని అడిగేశాను.

నేను కలం పట్టుకుని తల వంచుకున్నాను. బయట పిల్లలు గోలీలాడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఆయన, "పాతది ఉన్నది గద, అది సాలు. ఇగ మూసెయ్యి" అని గోడవైపు తిరిగాడు. పాతదంటే ఆ మంచిర్యాల మౌస్. చేతిరుమాలులో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టుకున్నాడు. అది పనిచేయడం మానేసి ఎన్నాళ్లో అయింది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. జాబితాలో మౌస్ లేదు. నేను మరిచిపోయి వదిలేశానని అనుకోకు.

ఇదంతా నిన్నటి సంగతి. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. అత్తమ్మ పూలమ్మ పెద్దమ్మ వాళ్లింట్లో కూర్చుంది. ఆయన వెంట పనిచేసే పోశం వచ్చి, కట్టు మార్పించడానికి దవాఖానకు తీసుకుపోయాడు. ఏం కట్టు అంటావు. స్వరూపా, నిలబడి చదువుతుంటే కూర్చో. మొదట్లో అందరం క్షేమం అని రాశాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీ అన్నకు కుడిచెయ్యి లేదు. మణికట్టు నుంచి కిందికి లేదు.

ఆషాఢంలో, బోనాలు ఇంకా కాలేదు, మొదటి షిఫ్టుకు వెళ్లాడు. ఆయన పని నీకు తెలుసు కదా, పట్టాల మీది బొగ్గు టబ్బులను, వాటిని లాగే ఇనుపతాడుకు క్లిప్పు వేసి తగిలించడం. గంట కొట్టాలి, తాడు ఆగాలి, క్లిప్పు వేయాలి, మళ్లీ గంట కొట్టాలి. పద్ధతి అది. కానీ మీ అన్నకు తాడు ఆగనక్కర్లేదు. నడుస్తున్న తాడుకే టక్కున వేసేవాడు. ఆ షిఫ్టు వాళ్లంతా, "అంజిగా, నువ్వు కానియ్యి, నీయి కంప్యూటర్ వేళ్లు" అని ఆయన్నే పిలిచేవారు. తాడు ఆగకపోతే పని తొందరగా తెమిలేది, అందరూ తొందరగా పైకొచ్చేవారు. పని చూసే సర్దారు రెండుసార్లు తిట్టాడు, అయినా మానలేదు. ఇంటికొచ్చి నాకూ గొప్పలు చెప్పుకునేవాడు. "పోశం ఒక్కటి తగిలిచ్చేలోపట నేను మూడు తగిలిస్త" అని. నేను చాయ్ ఇస్తూ మురిసిపోయేదాన్ని. ఎవరన్నా మురిసిపోతారా చెప్పు ఆ మాటకు? నేను మురిశాను.

బిలాల్ దగ్గర ఆ ఆటలో నేర్చిన చురుకుతనమే స్వరూపా. ఎదుటివాడు చూసేలోపు నొక్కే వేళ్లు. ఆ వేళ్ల మీద ఆయనకు అంత నమ్మకం. ఆ రోజు చేతి తొడుగు అంచు క్లిప్పులో పడింది. పోశం గంట కొట్టాడు. గంట విని అటు యంత్రం దగ్గరి మనిషి తాడు ఆపేసరికి జరగవలసింది జరిగిపోయింది. తలమీది దీపం ఊడి పడిపోయి చీకటి. స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే ఆయన పోశాన్ని ఒక్కటే అడిగాడట, "ఏ చెయ్యే? కుడిదా, ఎడమదా?" అని. ఇది నాకు చెబుతూ వాకిట్లో కూలబడి ఏడ్చాడు పోశం. ఇప్పటికీ దవాఖానకు ఎవరినీ రానివ్వడు, తానే తీసుకుపోతాడు.

పేపర్లో నాలుగు వరుసలు వచ్చాయి, జిల్లా పేజీలో. ఆ పేజీ పుణెకు రాదు కదా అని అత్తమ్మ ఊపిరి పీల్చుకుంది. "నా బిడ్డకు జెప్పకుండ్రి. పరాయి ఊర్లె ఒక్కతి ఉన్నది. గుండె పగులుతది" అని కనబడిన వాళ్లందరి చేతులూ పట్టుకుంది. మీ అన్న తన తల మీద నా చెయ్యి పెట్టించుకుని, ఫోన్లో నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఫోన్లో చెప్పలేదు. ఉత్తరంలో రాయొద్దని ఆయన అనలేదు, నేను గుర్తు చేయలేదు.

ఎందుకు దాచాడో నీకు తెలుసు. మీ నాన్న బాయిలో పోయినప్పుడు ఇంటికొకరికి ఉద్యోగం అన్నారు. అప్పుడు నువ్వు పదో తరగతి, ఆయన డిగ్రీలో కంప్యూటర్ చదువు రెండో ఏడు. దినాలు ముగిసిన మర్నాడే యూనియన్ మనిషి కాగితాలతో వస్తే, అత్తమ్మ వేలిముద్ర వేసింది, ఆయన సంతకం పెట్టాడు. "చెల్లె సదువుకుంటది, నేను దిగుత" అన్నాడు. మా పెళ్లిలో నన్ను పక్కకు పిలిచి నువ్వేమన్నావో గుర్తుందా? "వదినా, నా సదువు కోసం అన్న బాయిల వడ్డడు, నువ్వు మంచిగ జూస్కో" అని ఏడ్చావు. ఇప్పుడు ఈ చెయ్యి కూడా నీ లెక్కలో వేసుకుని, రెండో పరీక్ష వదిలేసి పెట్టె సర్దుకుని వస్తావని ఆయన భయం. అలా చేశావంటే మీ అన్న ఆ కాగితం మీద పెట్టిన సంతకం వృథా అయిపోతుంది. పరీక్ష రాసే రా. నేను ఒట్టు తప్పి రాస్తున్నది నువ్వు ఉరికి రావడానికి కాదు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన్ను చూసి కూలిపోవద్దని. ఏడిచేదేదో అక్కడే ఏడ్చి రా. నేను రోజూ మోరీకాడ గిన్నెలు తోముతూ ఏడుస్తాను, నీళ్ల చప్పుడులో వినబడదు.

రాఖీ నేనే కట్టాను. హైదరాబాదు దవాఖానలో, ఎడమ చేతికి. ప్రతి ఏడూ నువ్వు కట్టే చెయ్యి మోచేతిదాకా కట్టులో ఉంది. నీ కవరు ఇంటికి వస్తే పోశం బస్సెక్కి తెచ్చిచ్చాడు. రాఖీ చూసి ఆయన కుడిచెయ్యే ముందుకు చాపాడు. అలవాటు కదా. చాపి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. ఫొటో తీసి పంపమన్నావు, పంపలేదని అలిగావు. ఏ చేతికి తీసి పంపను?

ఇంటికి వచ్చినప్పటి నుంచి మాటలు లేవు, అందుకే నీ ఫోనూ ఎత్తడు. తినిపిస్తే తింటాడు, లేకపోతే లేదు. లేని వేళ్లు దురద పెడుతున్నాయంటాడు. ఒకరోజు నన్ను పిలిచి, "యమునా, చూపుడువేలు నొక్కుతంది. ఊకె నొక్కుతంది, ఆపుదమంటె ఆగుతలేదు" అన్నాడు. ఏ వేలు పట్టుకుని ఆపను నేను? నిన్న ప్రాసెసర్ అనీ కార్డు అనీ చెబుతున్నంతసేపూ ఆ ఖాళీ చొక్కాచెయ్యి ఒళ్లో కదులుతూనే ఉంది. జాబితా కింద సంతకం ఆయనే పెట్టాడు, చూడు. ఎడమచేత్తో. ఒకటో తరగతి పిల్లల రాతలా ఉందని మొదట నీకు నవ్వొచ్చి ఉంటుంది.

అందుకే కంప్యూటర్ ఆపకు అన్నాను. చెయ్యి లేని మనిషికి ఆటల కంప్యూటర్ ఎందుకని నీకు అనిపించవచ్చు. పూలమ్మ పెద్దమ్మ నా ముఖం మీదే అన్నది. "గుండోనికి దువ్వెన తెస్తున్నరా బిడ్డా" అన్నది. ఆమె పాపిష్టిది కాదు, నోరు అంతే. నా దగ్గర ఒక జవాబు ఉంది, కానీ అది మీ అన్నకే ఇంకా చెప్పలేదు. ముందు నీకు చెబుతున్నాను.

మధ్యాహ్నాలు నేను కుట్టుపని నేర్చుకోవడానికి పోతున్నానని ఇంట్లో అనుకుంటున్నారు. కుట్టూ లేదు, గిట్టూ లేదు. బిలాల్ నెట్ సెంటర్‌కు పోతున్నాను. నువ్వు కంప్యూటర్ కొంటానన్న కొత్తలో, ఏమేం కావాలో అడుగుదామని వెళితే బిలాల్ అన్నాడు, "భాభీ, జర ఇనుండ్రి. ఈ ఆటల నడిచేది ఎడమ చెయ్యి. మీటల మీద ఉంటది. అటిటు జూసుడు, గురివెట్టి కొట్టుడు, గంతే కుడిచెయ్యి పని. అంజిభాయ్ ఎడమ చెయ్యికి ఏం గాలే. నడుసుడు మొత్తం ఆడనే ఉన్నది. కొట్టెటోళ్లు ఒక్కలు గావాలె." అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అప్పటి నుంచి మూలనున్న ఆ కంప్యూటర్ ముందు, మీరిద్దరూ సగం సగం కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాను. బిలాల్ భార్య మెహ్రీన్ మీటలు నొక్కి నడిపిస్తుంది, నేను మౌస్ పట్టుకుంటాను. మొదటి రోజు ఆకాశాన్ని కాల్చాను. రెండో రోజు గోడలను కాల్చాను. మెహ్రీన్ నవ్వీ నవ్వీ దుపట్టాలో ముఖం దాచుకుంది. పప్పులో ఉప్పు ఎంతో చూడకుండా వేసే చెయ్యి నాది, ఆ చేతికి ఆ చిన్న గుర్తును మనిషి మీద నిలపడం రాదు. చచ్చి మళ్లీ పుట్టి మళ్లీ చస్తున్నాను. ఈ మధ్య ఒకరిద్దరిని కొట్టాను. కొట్టిన రోజు ఇంటికి వచ్చి మీ అన్న ముఖం చూస్తే చెప్పాలనిపించింది, చెప్పలేదు.

ఎందుకంటే ఒకసారి మాట కదిపి చూశాను. ఇద్దరం కలిసి ఆడితే ఎట్లుంటది అన్నాను, ఊరికే అన్నట్టు. "కన్ను ఒకలది, కాలు ఒకలదైతే అది ఆట గాదు యమునా. జాలి" అన్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. కాబట్టి ఆయన ఒప్పుకుంటాడని నేను చెప్పలేను. నువ్వు తెచ్చిన డబ్బా అట్టపెట్టెలోనే ఉండిపోవచ్చు, బల్ల మీద మళ్లీ చింతపండే ఆరవచ్చు. ఒప్పుకున్నా మంచిర్యాలలో గెలిచిన అంజి తిరిగి రాడు, అది నాకు తెలుసు. నేను ఎన్నిసార్లు చచ్చి పుట్టినా ఆ చెయ్యి కాలేను.

కానీ ఆయన నీతో ఆడాడు స్వరూపా. సగం కుర్చీ ఇచ్చి, ఉరికే మీట నీకిచ్చి ఆడాడు. అప్పుడది జాలి కాదు కదా. అందుకే నేనడిగితే కాదన్నా, నువ్వడిగితే కాదనడేమో. బిలాల్ బిగించి పోయాక నువ్వేమీ చెప్పకుండా వెళ్లి ఆయనకు కుడిపక్కన కూర్చో. చిన్నప్పుడు ఎడమపక్కన కూర్చునేదానివి, ఇప్పుడు ఈ పక్క. సెలవులున్నన్ని రోజులూ గురి నువ్వు చూడు. నువ్వు పోయాక ఆ చోటు నాకివ్వు, అప్పటికి నేను ఇంకొంచెం నేర్చుకుని ఉంటాను.

పోశం స్కూటర్ చప్పుడు సందు మొదట్లో వినబడుతోంది. ఈ కాగితాలు మడిచి పెట్టాలి, ఆయనకు జాబితా ఒక్కటే కవరులో పెట్టినట్టు చూపించాలి. దుకాణంలో ఆయన రాయించినవన్నీ కొన్నాక, ఆయన రాయించనిది ఒకటి అడుగు. మౌస్. మగవాళ్ల చేతికి సరిపోయే పెద్దవి చూపిస్తారు, అవి వద్దు. బిలాల్ దగ్గరిది నా అరచేతికి అందడం లేదు, వేళ్లు జారిపోతున్నాయి. నీ చెయ్యీ నా చెయ్యీ ఒకటే కొలత, పోయిన బతుకమ్మకు ఒకరి గాజులు ఒకరం వేసుకున్నాం కదా. నీ చెయ్యి పెట్టి చూసి, చిన్నది తీసుకురా.

ఇట్లు,
నువ్వు గుమ్మంలో ఏడవకుండా లోపలికి రావాలని ఎదురుచూసే
నీ వదిన,
యమున.